రేటు కన్నా ముందు లోడు చూడు బిడ్డా

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, మీ ఇంటికి రెండో కరెంటు కారు కూడా వస్తోందని చెప్పింది. మీ మరిది స్కూటర్ ఎలాగూ ఉంది. వచ్చే డిసెంబర్ 31 దాకా, అంటే 2026 ఆఖరు దాకా, తెలంగాణలో ఈవీలకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు కాబట్టి తొందరపడుతున్నారట. మంచిదే. మన ఇంటి ఆడపిల్ల జీతం డబ్బులతో కారు కొంటోందని విని మీ అత్తమ్మ ఇద్దరు పక్కింటి వాళ్ళకు చెప్పి వచ్చింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే నువ్వు సరే సరే అంటావు, అందుకని రాస్తున్నాను.

నీ ప్రశ్న ఏ టారిఫ్ తీసుకోవాలని. ఉన్న ఇంటి మీటర్ మీదే ఛార్జింగ్ పెట్టుకోవాలా, ఈవీకి వేరే మీటర్ తీసుకోవాలా అని. లెక్క చెబుతాను, కష్టమేమీ కాదు.

మన దగ్గర ఇంటి కరెంటు నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200కు యూనిట్ 5 రూపాయల 10 పైసలు. తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9, అది దాటి 800 వరకు 9.50. మీ ఇంటి బిల్లులు మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. మామూలు నెలలో 280 యూనిట్లు వాడుతున్నారు. అంటే 1,636 రూపాయలు, మిగతా చిల్లర ఛార్జీలు కాక. రెండు కార్లు కలిపి నెలకు 1,600 కిలోమీటర్లు తిరుగుతాయనుకో. ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే 250 యూనిట్లు అవుతాయి. స్కూటర్‌కు ఇరవై. మొత్తం 550 యూనిట్లకు బిల్లు 4,115. కార్లు, స్కూటర్ తిన్న 270 యూనిట్లకు నువ్వు అదనంగా కట్టేది 2,479. యూనిట్‌కు 9 రూపాయల పైన పడింది చూడు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ఏడున్నరే కదా అని అల్లుడు అంటాడు. అది తప్పు లెక్క. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ కింది మెట్లన్నీ ముందే తినేస్తాయి. కారు ఎప్పుడూ పై మెట్టు మీదే నిలబడుతుంది. ఏసీలు తిరిగే మేలో ఇంటికే 400 దాటిందంటే, కారుకు ప్రతి యూనిట్టూ 9.50 మెట్టే.

ఈవీ ఛార్జింగ్ కేటగిరీ మీటర్ అయితే స్లాబులు, అంటే ఈ మెట్లు, ఉండవు. నేను చూసిన పట్టికలో యూనిట్ 6 రూపాయలు. ఆ లెక్కన 270 యూనిట్లకు 1,620. తేడా 859. దీంట్లోంచి ఆ మీటర్‌కు నెలనెలా కిలోవాట్ లెక్కన పడే ఫిక్స్‌డ్ ఛార్జీ తీసేయాలి. కొత్త సర్వీస్‌కు కట్టే డిపాజిట్, డెవలప్‌మెంట్ ఛార్జీలు ఎన్ని నెలల్లో తిరిగి వస్తాయో చూసుకోవాలి. ఈ ఏడాది నాటి పట్టిక నువ్వే కరెంటు ఆఫీసుకు వెళ్ళి చూడు, రాత్రివేళ తగ్గింపు గురించి కూడా అడుగు. వేరే కనెక్షన్ ఇవ్వం అని ఎవరైనా అంటే భయపడకు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. ఈవీ ఛార్జింగ్‌కు వేరే కనెక్షన్ అడిగే హక్కు నీకుంది. అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకో.

ఒక్క కారు, నెలకు ఐదారు వందల కిలోమీటర్లు అయితే ఈ తంటా అక్కర్లేదని చెప్పేవాణ్ణి. రెండు కార్లకు మాత్రం వేరే మీటరే నా మాట.

ఇంతవరకూ డబ్బు లెక్క. అసలు నేను రాయడానికి కూర్చున్నది దీని కోసం కాదు.

మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. "లోడ్ పెంచుకుంటే డిపాజిట్ కట్టాలట అమ్మా, ఉన్న సింగిల్ ఫేజ్ మీదే లాగిద్దామని ఎలక్ట్రీషియన్ అన్నాడు" అని నువ్వన్నావట. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. లోడ్ అంటే ఒకేసారి ఎన్ని కిలోవాట్లు లాగుతామని కరెంటు ఆఫీసులో రాయించుకునే లెక్క. సింగిల్ ఫేజ్ అంటే ఇల్లంతా ఒక్క కరెంటు తీగ మీదే నడిచే కనెక్షన్.

బుజ్జీ, ఇది నీకు మీ అమ్మ ఎప్పుడూ చెప్పి ఉండదు. 1996లో మన ఊళ్ళో నాకు పిండి గిర్ని ఉండేది. 5 హార్స్ పవర్ మోటారుకు సర్వీస్ తీసుకున్నాను. జొన్నలు, బియ్యం పట్టేవాణ్ణి. గిరాకీ బాగుందని కారం పట్టే మిషన్ కూడా తెచ్చాను. దానికి ఏడున్నర హార్స్ పవర్ మోటారు. లోడ్ పెంచమని అర్జీ పెట్టుకోవాలి, డబ్బు కట్టాలి. మూడు నెలలే కదా సీజన్, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఉన్న వైరు మీదే రెండు మోటార్లూ నడిపాను.

మార్చి, ఏప్రిల్ అంటే నీకు తెలుసు, ఎండు మిరపకాయలు సంచులు సంచులు వస్తాయి. ఊరంతా ఏడాది కారం అప్పుడే పట్టించుకుంటారు. రెండు మోటార్లు ఒకేసారి ఎత్తుకుంటే వీధిలో బల్బులు ఎర్రబడేవి. పక్కింటి పెద్దాయన రెండుసార్లు వచ్చి "ఏం నాయనా, లైటు గుడ్డిదైపోతోంది" అన్నాడు. నాకు తెలుసు కారణం ఏమిటో. వోల్టేజ్ అంతే పెద్దనాన్నా అని చెప్పి పంపాను. ఫ్యూజు పోతుంటే సన్న తీగ తీసేసి లావు తీగ వేయించాను. ఫ్యూజు పోవడం ఆగింది. తెలివైన పని చేశాననుకున్నాను. ఫ్యూజు నన్ను ఆపడానికే పోతోందని, నేను దాని నోరు నొక్కేశానని అప్పుడు తట్టలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పెద్ద చప్పుడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి నూనె పొగ. నా గిర్ని ఒక్కటే కాదు, ఆ ఎండల్లో అందరి మోటార్లూ తిరుగుతున్నాయి, అయినా చివరి బస్తా బండి మీద వేసింది నేనే. కొత్తది వచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. మంచినీళ్ళ మోటారు ఆగింది, ఆడవాళ్ళు బావి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. పంటలకు నీళ్ళు లేవు.

అప్పుడు మా అక్క, అంటే మీ అమ్మ, పురిటికి వచ్చి మన ఇంట్లో ఉంది. రెండు నెలల పసిబిడ్డవు నువ్వు. ఒళ్ళంతా చెమటకాయలు. రాత్రంతా గుక్కపెట్టి ఏడ్చేదానివి. మీ అమ్మమ్మ కాసేపు, మీ అమ్మ కాసేపు విసనకర్ర పట్టుకుని కూర్చునేవాళ్ళు. నాలుగో రాత్రి నేను లేచి వెళ్ళి, ఇలా ఇవ్వు అక్కా అని విసనకర్ర అడిగాను. మీ అమ్మ ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీ పిడికిలి నా వేలు పట్టుకుని ఉంది, నేను విసురుతూ కూర్చున్నాను. తెల్లారేదాకా అలాగే ఉన్నాను.

తర్వాత తనిఖీకి వచ్చారు. లావు తీగ చూశారు, రెండో మోటారు చూశారు. దాచిన లోడుకు వెనకటి నెలలతో కలిపి కట్టించారు. నేను మిగుల్చుకున్నానని అనుకున్నదానికి ఎన్నో రెట్లు అది. కారం మిషన్ అమ్మేసి కట్టాను. ఆ డబ్బు నష్టం రెండేళ్ళలో మర్చిపోయాను. ఆ విసనకర్ర రాత్రులు ముప్పై ఏళ్ళయినా మర్చిపోలేదు.

ఇప్పుడు చూడు. గోడకు తగిలించే 7.2 కిలోవాట్ల ఛార్జర్ చిన్న డబ్బాలా కనిపిస్తుంది. అది దాదాపు 10 హార్స్ పవర్. రెండు పెడితే ఇరవై. నా గిర్నీలో రెండు మోటార్లూ కలిపి పన్నెండున్నర. పైగా మోటారు కాసేపు తిరిగి ఆగుతుంది, కారు గంటల తరబడి ఒకే తీరుగా లాగుతుంది. సింగిల్ ఫేజ్ మీద రెండు కార్లు, గీజర్, ఏసీ కలిస్తే నీ మీటర్ దగ్గర వైరు వేడెక్కుతుంది, నీ వీధిలో ఎవరి ఇంట్లోనో ఫ్యాన్ నెమ్మదిస్తుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో నీకు తెలియదు.

అందుకని త్రీ ఫేజ్ తీసుకో, లోడు మూడు తీగల మీదికి పంచుకోవచ్చు. నిజంగా వాడే లోడ్ ఎంతో అంతే రాయి, ఒక్క కిలోవాట్ కూడా తగ్గించకు. రెండు కార్లను వేర్వేరు ఫేజుల మీద పెట్టించు.

నిజానికి మీకు రెండు పెద్ద ఛార్జర్లు అవసరమే లేదు. నువ్వు రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగితే ఆరేడు యూనిట్లు చాలు. కారుతో పాటు వచ్చే 3.3 కిలోవాట్ల ఛార్జర్ రెండు గంటల్లో ఎక్కిస్తుంది. రాత్రి పది తర్వాత ఒక కారు, అది అయ్యాక రెండోది. కార్లలోనే టైమర్ ఉంటుంది, ఒకసారి పెట్టుకుంటే లేవనక్కర్లేదు. నేను నా కారును నాలుగేళ్ళుగా అలాగే నడుపుతున్నాను. ఊరికి దూర ప్రయాణం ఉన్న ముందు రోజు మాత్రమే పూర్తిగా నింపుతాను. అంత తక్కువ లోడుతో సరిపెట్టుకుంటే ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా నిజాయితీగానే తగ్గుతుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మాత్రం ఛార్జింగ్ పెట్టకు, ఊరంతా వాడే వేళ అది.

ఇంకోటి, ఇది తప్పకుండా చూడు. కింద పార్కింగ్‌లో ఉన్న సాకెట్ ఏ మీటర్ మీద ఉందో తెలుసుకో. పాత ఇళ్ళల్లో అది కింది పోర్షన్ మీటర్‌కు కలిపి ఉంటుంది. మీ కింద అద్దెకున్న వాళ్ళకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తోందని విన్నాను. 200 యూనిట్లు దాటితే అది పోయి, మొత్తం బిల్లు వాళ్ళ మీద పడుతుంది. వాళ్ళ మెయిన్ ఒకసారి ఆపమని అడిగి సాకెట్ పనిచేస్తుందో లేదో చూస్తే తెలిసిపోతుంది. తెలిసో తెలియకో వాళ్ళ మీటర్ మీద మీ కారు ఎక్కకూడదు.

వైరింగ్ గురించి ఎక్కువ రాయను, నేనే వచ్చి చూస్తాను. మీటర్ బోర్డు నుంచి వేరే లైను, మంచి రాగి వైరు, వేరే ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్), ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). ఎక్స్‌టెన్షన్ బోర్డు పేరెత్తవద్దు, స్కూటర్‌కు కూడా. ఎర్తింగ్ కొత్తగా వేయించు. బొగ్గు, ఉప్పు వేసి గుంత నింపుతారు, వేసవిలో అందులో నీళ్ళు పోస్తుండాలి, నేల ఎండితే ఎర్త్ పనిచేయదు. గిర్ని దగ్గరి ఎర్త్ గుంతలో మీ అమ్మమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగిన నీళ్ళు పోసేది. తులసికోటకు పోసినంత శ్రద్ధగా పోసేది.

సోలార్ గురించి అల్లుడు అడిగాడట. పైకప్పు మీద నీడ లేకపోతే పెట్టండి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. 3 కిలోవాట్లు రోజుకు దాదాపు 12 యూనిట్లు ఇస్తాయి. పగలు కార్లు ఆఫీసులో ఉన్నా, మీరు లైనుకు పంపిన యూనిట్లను మీరు వాడినవాటిలోంచి తీసేసే నెట్ మీటర్ లెక్క చూసుకుంటుంది. ఒక మాట గుర్తుంచుకో, సోలార్ పెట్టే ఆలోచన గట్టిగా ఉంటే ముందు అది తేల్చుకుని తర్వాత ఈవీ మీటర్‌కు వెళ్ళు. సోలార్ ఇంటి మీటర్‌కు కలిపి, కార్లు వేరే మీటర్ మీద ఉంటే నీ ఎండ నీ కారుకు అందదు. కేంద్రం 2023లో పెట్టిన నిబంధన ప్రకారం స్మార్ట్ మీటర్లు వచ్చాక ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండాలి. అది మన ఇళ్ళకు వచ్చిన రోజున ఆదివారం మధ్యాహ్నాలు ఛార్జింగ్‌కు వాడుకోవచ్చు.

ఏ మీటర్ తీసుకున్నా, ఎంత పై స్లాబులో పడినా, 1,600 కిలోమీటర్లకు నీకు అయ్యేది మహా అయితే రెండున్నర వేలు. అదే పెట్రోలు కారు లీటరుకు పదిహేను ఇచ్చినా, లీటరు 107 రూపాయల లెక్కన 11,000 దాటుతుంది. ప్రతి నెలా అంత మిగులుతుంటే లోడ్ డిపాజిట్ దగ్గర ఎందుకు పిసినారితనం, చెప్పు? కోపంగా రాశాననుకోకు. ఆ ఎలక్ట్రీషియన్ మాట మీద వచ్చిన కోపం ఇది.

వచ్చే ఆదివారం పొద్దున మొదటి బస్సుకు మిర్యాలగూడ నుంచి బయలుదేరుతాను. వైరులో ఎంత కరెంటు పోతోందో చూసే టాంగ్ టెస్టర్ తెస్తున్నాను. అప్పటిదాకా మీటర్ బోర్డు ఫోటో, సర్వీస్ వైరు స్తంభం నుంచి వచ్చే చోటి ఫోటో పంపు. ఎలక్ట్రీషియన్‌ను పది గంటలకు ఉండమను, ఆయనతో నేను మర్యాదగానే మాట్లాడతాను. మీ అత్తమ్మ రెండు కిలోల కారం, గోంగూర పచ్చడి పంపుతోంది. కొత్త కారు వచ్చేదాకా ఉండమంటే ఉంటాను, కొబ్బరికాయ నేనే కొడతాను.

మీ మామయ్య