ఫిల్మ్ వేయించే ముందు ఊడదీసే రోజును తలుచుకో

తల్లీ,

నీ ఉత్తరం అందింది. స్పోర్ట్స్ కారు బుక్ చేశావని, ఎరుపు రంగే ఎంచుకున్నావని చదివి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. "పెదనాన్నా, రాళ్లు, గీతలు తగలకుండా పెయింట్ మీద వేసే పారదర్శక ఫిల్మ్ ఏది మంచిదో ఒక్క పేరు చెప్పు చాలు" అని రాశావు. పేరు చెబుతాను, కానీ అది చివర్లో. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఫిల్మ్ అతికించే పనిలోనే బతికినవాణ్ణి. వేళ్లు వణక్కుండా ఉంటే నీ బండి ఇంకొకరికి అప్పగించనిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు చేత్తో చేయలేనిదాన్ని రాసి పంపుతున్నాను. తీరిగ్గా చదువు.

ముందు నేను చూసిన ఒక బండి సంగతి. వెండి రంగు స్పోర్ట్స్ కారు. ఎనిమిదేళ్ల కింద ఎక్కడో ఫిల్మ్ వేయించారు, అది పసుపెక్కింది, తీసేసి కొత్తది వేయమని నా దగ్గరికి తెచ్చారు. హీట్ గన్‌తో మూల వేడి చేసి లాగితే గోరంత ముక్కలుగా చిట్లి వస్తోంది తప్ప పొరగా రావడం లేదు. జిగురంతా పెయింట్ మీదే ఉండిపోయింది. ఒక్క ముందు భాగానికే రెండు రోజులు పట్టింది. చివరికి ఫెండర్, అంటే ముందు చక్రం పైన ఉండే పలక, శుభ్రం చేస్తుంటే బానెట్ పక్క సందు పొడవునా వెంట్రుకంత సన్నని గీత కనబడింది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. ఫిల్మ్ వేసినవాడు అంచు కోయడానికి కత్తి పెట్టినప్పుడు అది క్లియర్ కోట్ అనే పై పారదర్శక పొర దాటి లోపలి లోహం దాకా దిగింది. అల్యూమినియం ఫెండర్ కావడంతో గీత వెంట తెల్లటి పొడి పొంగి ఉంది. బండి ఆయన వేలితో ఆ గీతను ఒక చివర నుంచి ఇంకో చివరకు తడుముతూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎనిమిదేళ్లు పెయింట్‌కు కాపలా ఉందనుకున్న ఫిల్మ్ కిందే ఆ గాయం ఉంది.

ఆ తర్వాత నేను ఫిల్మ్‌ను చూసే తీరు మారిపోయింది. ఫిల్మ్ శాశ్వతం కాదు, ఎప్పుడో ఒకరోజు ఊడదీయాల్సిందే. ఊడదీసిన రోజు కింద పెయింట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే మనం సరైనది ఎంచుకున్నట్టు. అంగట్లో ఎవరేం చెప్పినా, ఏ నమూనా చూపించినా, నువ్వు మాత్రం ఆ రోజునే మనసులో పెట్టుకుని అడుగు.

ఈ ఫిల్మ్ మొదట కార్ల కోసం పుట్టింది కాదు. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ల రెక్కలను ఇసుక, రాళ్లు కొట్టేయకుండా త్రీఎం కంపెనీ వాళ్లు తయారుచేసిన యురేథేన్ పొర నుంచి ఇది వచ్చింది. ఇప్పుడు వాడేవి సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటాయి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కారు పెయింట్ అన్ని పొరలూ కలిపితే 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పై క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే. అంటే నీ బండి పెయింట్ కంటే దాని మీద వేసే పొరే మందం. రాయి దెబ్బను అది సాగి మింగుకోగలగడానికి ఇదొక కారణం. అలాగని ఇంకా మందంగా ఉన్నదే మేలని ఎవరన్నా చెబితే తొందరపడకు. మందం పెరిగేకొద్దీ వంపుల్లో సరిగా వంగదు, మూలల్లో లేచిపోతుంది. స్పోర్ట్స్ కారుకు వంపులు లేని చోటేది?

మందం కంటే పదార్థం ముఖ్యం. టీపీయూ అనే పాలీయురేథేన్ అయితేనే తీసుకో. పీవీసీ రకాలూ ఉన్నాయి, టీపీహెచ్ అని పేరు మార్చి అమ్మేవీ ఆ కోవలోవే. వాటిని మెత్తగా ఉంచడానికి కలిపే ద్రవ్యం ఏళ్ల తరబడి ఎండలో పోతూ పోతూ ఫిల్మ్ గట్టిపడి చిట్లుతుంది. టీపీయూలోనూ అలిఫాటిక్ రకం ఎండకు పసుపెక్కకుండా నిలుస్తుంది, అరోమాటిక్ రకం పసుపెక్కుతుంది. కాబట్టి "ఇది అలిఫాటిక్ టీపీయూనేనా, కంపెనీ కాగితం చూపిస్తారా" అని సూటిగా అడుగు. ఒక చిన్న ముక్క అడిగి తీసుకుని చేత్తో సాగదీసి చూడు. టీపీయూ బాగా సాగి, వదిలితే చాలావరకు వెనక్కి వస్తుంది. పీవీసీ సాగినచోటే ఉండిపోతుంది.

గీతలు వాటంతటవే మాయమవుతాయని చూపించే ప్రదర్శన ఒకటి ఉంటుంది. ఇత్తడి బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లు పోస్తారు, గీతలు పోతాయి. అది అబద్ధం కాదు. ఫిల్మ్ పైపూత వేడికి మెత్తబడి మళ్లీ సర్దుకుంటుంది, ఎండలో నిలిపినా అంతే. కానీ బట్టతో తుడిచేటప్పుడు పడే సన్నగీతలకే ఆ గుణం పనిచేస్తుంది. రాయి కోసేసిన చోటు మానదు. ఆ ప్రదర్శన చూసి ఫిల్మ్ ఎంచుకోవద్దు. దానికంటే ఎర్ర రంగు పలక మీద నమూనా వేసి చూపించమని, ట్యూబ్‌లైట్ ప్రతిబింబం అందులో ఎలా పడుతుందో చూడు. ప్రతిబింబం అంచు తిన్నగా ఉంటే నునుపైన ఫిల్మ్. నారింజ తొక్కలా గరుకు గరుకుగా అలలు కనబడితే నీ బండి మెరుపు సగం అక్కడే పోతుంది.

ఇక ఎక్కడెక్కడ వేయించాలన్నది. బానెట్ ముందు సగానికే వేసే పద్ధతి చవక, కానీ నీకు వద్దంటాను. బానెట్ నడుమ అడ్డంగా గీత పడుతుంది, ఆ అంచున మైనం, మట్టి చేరతాయి, కొన్నేళ్లకు ఫిల్మ్ కిందిదీ బయటిదీ రంగు తేడా వస్తుంది. ఊడదీసిన రోజు ఆ తేడా కళ్లముందు కనబడుతుంది. బానెట్ మొత్తం, ముందు బంపర్, ఫెండర్లు, పక్క అద్దాల తొడుగులు, హెడ్‌లైట్లు, విండ్‌షీల్డ్ పక్క స్తంభాలు, రూఫ్ ముందు అంచు అన్నీ ఒకేసారి వేయించు.

స్పోర్ట్స్ కారుకు అసలు దెబ్బ మాత్రం ముందు ఒక్కటే కాదు. వెడల్పాటి మెత్తటి టైర్లు రాళ్లను పట్టుకుని నీ బండినే కొడతాయి. ముందు చక్రం ఎత్తిన రాయి తలుపు కిందిపట్టీని, వెనక చక్రానికి ముందు బయటికి పొడుచుకొచ్చిన ఉబ్బు భాగాన్ని తగులుతుంది. ఇంజన్ వెనక ఉన్న బండి కనుక గాలి లోపలికి లాగే గూళ్ల అంచులూ అంతే. నా దగ్గరికొచ్చిన బండ్లలో బానెట్ నిగనిగలాడుతూ, వెనక ఉబ్బులు మాత్రం ఇసుక చల్లినట్టు చుక్కలుగా పోయినవి ఎన్నో చూశాను. ఆ చోట్లన్నిటికీ తప్పక వేయించు. రేసు ట్రాక్‌కు తీసుకెళ్లాలని ఉందన్నావు కదా, అలాగైతే బండి మొత్తానికి వేయించడం దండగ కాదు. అక్కడ ముందు బండ్ల టైర్ల నుంచి ఊడిన రబ్బరు ముక్కలు వేడివేడిగా వచ్చి అతుక్కుంటాయి.

పనివాణ్ణి ఎంచుకోవడం దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు ఆగు. కంప్యూటర్లో నమూనా గీసి ప్లాటర్ అనే కోత యంత్రంతో కోసి తెచ్చే ఫిల్మ్ ఉంటుంది, బండి మీదే పరిచి చేత్తో కోసేదీ ఉంటుంది. మొదటిదాంట్లో పెయింట్ దగ్గరికి కత్తి రాదు, కానీ ఫిల్మ్ పలక అంచుకు మిల్లీమీటరో రెండో ముందే ఆగిపోయి సన్నగీత కనబడుతుంది. రెండోదాంట్లో అంచు లోపలికి మడిచి కనబడకుండా చేయొచ్చు, కానీ చేయి ఒక్క క్షణం బరువైతే ఆ వెండి రంగు బండి గతే. మంచి పనివాళ్లు ప్లాటర్ నమూనానే నాలుగువైపులా కొంచెం పెంచి కోసి, ఆ పెంచినదాన్ని లోపలికి మడుస్తారు. తప్పనిసరైన చోట లోపల దారం ఉన్న టేపు ముందే అతికించి, ఆ దారం లాగి ఫిల్మ్ కోస్తారు. నువ్వు అడగాల్సింది ఒక్కటే. "పెయింట్ మీద కత్తి పెడతారా?" జవాబు ఎలా చెబుతున్నాడో చూడు. చోటు చోటుగా ఎక్కడ ఎలా కోస్తాడో వివరించేవాడు పనివాడు. "మేం చూసుకుంటాం" అని మాట దాటేసేవాడి దగ్గర బండి వదలొద్దు.

నిన్న వేసిన బండి చూపిస్తే చాలదు, నిన్నటిది ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఏడాది కిందట వేసిన బండి ఒకటి చూపించమను. ఫోన్ టార్చి పక్కగా పెట్టి బంపర్ మూలలు, గాలి గూళ్ల లోపలి అంచులు, అద్దాల కింది భాగం చూడు. ఎక్కువ సాగదీసి అతికించిన ఫిల్మ్ ఆ చోట్లలోనే వెనక్కి లాక్కుని లేస్తుంది, జిగురు గీతలు చాళ్లలా కనబడతాయి. లోతైన గూడులోకి ఒకే ముక్కను బలవంతంగా లాగడం కంటే వేరే ముక్క పెట్టి అతుకు దాచడమే మంచి పని. పెద్ద బంపర్‌లో ఒకటో రెండో ధూళి రేణువులు పడటం మాత్రం సహజం, దానికి గొడవపడకు.

కొత్త బండి అయినా ఫిల్మ్‌కు ముందు బాగా కడిగించి, కడిగినా పోని మురికిని లాగే క్లే ముద్ద పట్టించి, అవసరమైనంత పాలిష్ చేయించాలి. ఫిల్మ్ గీతలను దాచదు, అద్దం కింద పెట్టినట్టు చూపిస్తుంది. షోరూం వాళ్లను బండి అప్పగించేముందు కడగొద్దని, తుడవొద్దని ఇప్పుడే చెప్పు. సగం గీతలు అక్కడి పాత గుడ్డతోనే పడతాయి. పెయింట్ మందం కొలిచే మీటర్‌తో ప్రతి పలకా కొలిపించు. కొత్త బండికీ దారిలో దెబ్బ తగిలి ఒక పలకకు మళ్లీ పెయింట్ వేసి ఉండొచ్చు. నా చేతిలో ఒకసారి ఇదే జరిగింది. తలుపు మీద ఫిల్మ్ పక్కకు పోయిందని లేపి సర్దబోతే రూపాయి బిళ్లంత పెయింట్ దానితో ఊడొచ్చింది. అంతకుముందే ఎవరో రంగు వేయించిన తలుపది, నేను కొలవలేదు. ఖర్చు నేనే పెట్టుకున్నాను, ఆ తర్వాత కొలవకుండా ఏ బండీ ముట్టలేదు. కొత్తగా రంగు వేసిన పలక ఏదైనా ఉంటే లోపలి ద్రావకం ఆరేదాకా వారాలు ఆగాలి, ఎన్నాళ్లన్నది రంగు వేసినవాడినే అడగాలి. ప్లాస్టిక్ బంపర్, కార్బన్ ఫైబర్ భాగాల మీద మామూలు మీటర్ చూపదు, వాటిని కంటితోనే చూసుకోవాలి.

సెరామిక్ కోటింగ్ అని పైన పూసే ద్రవపూత ఒకటి ఉంటుంది, అది రాళ్లను ఆపదు. కావాలంటే ఫిల్మ్ మీద వేయించుకో, కడగడం తేలికవుతుంది.

గ్యారంటీ కాగితంలో అంకె పెద్దగా ఉంటుంది, దాన్ని కాదు, కింద చిన్న అక్షరాలు చదువు. పసుపెక్కడం, పగుళ్లు, జిగురు వదలడం ఉంటాయి, రాయి దెబ్బ ఉండదు. పాడైతే కొత్త ఫిల్మ్ ఇస్తారు సరే, పాతది ఊడదీసే కూలి ఎవరిది? అది రాతపూర్వకంగా తీసుకో. ఫిల్మ్ రోల్ పెట్టె మీది నంబరు ఫోటో తీసి పెట్టుకో.

పేరు అడిగావు. త్రీఎం, ఎక్స్‌పెల్, సన్‌టెక్, స్టెక్ నేను అతికించి చూసినవి. నువ్వు ఎంచుకున్న పనివాడు వీటిలో రోజూ ఏది వాడుతున్నాడో అదే వేయించు. ఎంత సాగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో అలవాటైన ఫిల్మ్ మీదే చేయి నమ్మకంగా ఆడుతుంది.

వేశాక వారం రోజులు కడగొద్దు. కింద చిన్న నీటి బుడగలు, మసక మచ్చలు కనబడితే సూదితో పొడవకు, కొన్ని వారాల్లో ఆరిపోతాయి. ప్రెషర్ వాషర్ ధార అంచుకు ఎదురుగా కొట్టొద్దు. పక్షి రెట్ట, పురుగుల మచ్చ ఏరోజుది ఆరోజే తడిపి తీసెయ్. ఊడదీసే పని పసుపెక్కేదాకా వాయిదా వేయకు. ఫిల్మ్ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, గోరువెచ్చగా వేడి చేసి, పెయింట్‌కు దాదాపు ఆనించినట్టు వెనక్కి మడిచి మెల్లగా లాగితే పొరగా వచ్చేస్తుంది.

ఫిల్మ్ వేసిన పది రోజులకు కుడివైపు బంపర్ మూల, రెండు అద్దాల కింది అంచులు, వెనక ఉబ్బు ముందు భాగం పగటి వెలుతురులో దగ్గరగా ఫోటోలు తీసి పంపు. ఎక్కడన్నా అంచు లేచి ఉంటే ఆ వారంలోనే తీసుకెళ్లి చూపించాలి, దుమ్ము చేరాక అది మళ్లీ అతుక్కోదు.

ఇట్లు,
మీ పెదనాన్న