స్టిరాయిడ్ వాడుతున్న బాబు... ఇంట్లో చికెన్‌పాక్స్. మాత్ర ఆపాలా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, బరువు 27 కిలోలు. డుషేన్ కండరాల క్షీణత వ్యాధి ఉంది. రెండేళ్లుగా రోజూ డెఫ్లాజాకార్ట్ 24 మి.గ్రా. వేస్తున్నాం. నిన్న మా మరిది కూతురికి చికెన్‌పాక్స్ పొక్కులు వచ్చాయి. పిల్లలిద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు. బాబుకు ఇంతవరకు అది రాలేదు, టీకా కూడా వేయించలేదు. స్టిరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి పది రోజులు ఆపమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మాత్ర మాత్రం ఆపకండి. మీవాళ్లు చెప్పిన కారణం నిజమే, చెప్పిన ఉపాయమే ప్రమాదకరం.

డుషేన్‌లో దెబ్బతిన్న కండరం మీదికి రోగనిరోధక కణాలు గుమిగూడి వాపు పెంచుతాయి. స్టిరాయిడ్ వాటిని అదుపు చేస్తుంది కనుకే పిల్లలు మరికొన్నేళ్లు నడవగలుగుతున్నారు. అయితే వైరస్‌తో పోరాడాల్సిన కణాలు కూడా అదే మందుతో నెమ్మదిస్తాయి. మీ బాబు వేసుకునేది, స్టిరాయిడ్ల మోతాదులు పోల్చడానికి కొలమానంగా వాడే ప్రెడ్నిసొలోన్ లెక్కలో, రోజుకు 20 మి.గ్రా. ఈ మోతాదులో చికెన్‌పాక్స్ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకవచ్చు.

మరి ఆపితే? రెండేళ్లుగా బయటి నుంచి స్టిరాయిడ్ అందుతుండటంతో మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ (శరీరం తనంతట తాను తయారు చేసుకునే స్టిరాయిడ్) తయారు చేయడం దాదాపు మానేసి ఉంటాయి. హఠాత్తుగా ఆపితే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. జ్వరం వచ్చినప్పుడు శరీరానికి కార్టిసాల్ ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడు మోతాదు ఎంత పెంచాలో డాక్టరే చెప్పాలి. వాంతులతో మాత్ర నిలవకపోతే అది ఆపినట్టే లెక్క. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇప్పించాలి.

ఈరోజే పిల్లల డాక్టరును కలవండి. వైరస్ సోకే అవకాశం ఏర్పడిన నాలుగు రోజుల్లోపు ప్రత్యేక ఇమ్యునోగ్లోబులిన్ (ఈ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తే మేలు, పది రోజుల వరకూ ఇవ్వవచ్చు. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే పాప నుంచి వైరస్ వ్యాపిస్తుంది కాబట్టి లెక్క అటుమొన్నటి నుంచే వేసుకోండి. ఆ ఇంజెక్షన్ దొరకకపోతే వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు వాడే విషయం ఆలోచిస్తారు. పిల్లల పడకలు వేరు చేయండి. బాబు ఒంటి మీద ఒక్క పొక్కు కనిపించినా, జ్వరం లేకపోయినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. స్టిరాయిడ్ జ్వరాన్ని కప్పిపుచ్చగలదు. 'అమ్మవారు పోసింది, మందులు వాడకూడదు' అని పెద్దవాళ్లు అంటే వేపాకులు పెట్టుకోనివ్వండి, మందు మాత్రం మానొద్దు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు.

ఇప్పుడు హడావిడిగా చికెన్‌పాక్స్ టీకా వేయించకండి. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, ఈ మోతాదు స్టిరాయిడ్ మీద ఉన్నవారికి తగదు. అలాంటివి స్టిరాయిడ్ మొదలుపెట్టకముందే పూర్తి కావాలి. ఏటా ఫ్లూ ఇంజెక్షన్, అలాగే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకోకల్ టీకా మాత్రం బాబుకు వేయించవచ్చు. దగ్గే శక్తి తగ్గే ఈ జబ్బులో అవి చాలా అవసరం కూడా.