వెబ్‌సైట్ కోసం గాజులు తాకట్టా?

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డు దగ్గర మాకు ఏటికొప్పాక బొమ్మల దుకాణం ఉంది. ఇంటి ఖర్చు రూ.30 వేలు, షాపు అద్దె రూ.14 వేలు, కుర్రాడి జీతం రూ.9 వేలు పోను నెలకు రూ.7 వేల దాకా మిగులుతుంది. బ్యాంకులో రూ.40 వేలున్నాయి. వెబ్‌సైట్, యాప్ కలిపి చేయడానికి రూ.1.80 లక్షలు అడిగారు. మా ఆవిడ గాజులు పెట్టి రూ.1.20 లక్షలు తీసుకుని, మిగతా రూ.60 వేలు క్రెడిట్ కార్డు మీద కట్టేద్దామనుకుంటున్నాను. దసరాలోపు మొదలవ్వాలి. సరైన నిర్ణయమేనా?

జవాబు: వెబ్‌సైట్ వరకు సరైనదే. డబ్బు తెచ్చే దారే అస్సలు బాలేదు. ఈ మధ్య బొటిక్ వాళ్ల దగ్గర్నుంచి బేకరీ వాళ్ల దాకా ఇదే వరస. చేతిలో నెల ఖర్చుకు సరిపడా ఉండదు, గాజులు మాత్రం బ్యాంకు లాకర్లోకి వెళ్లిపోతాయి.

కార్డు బాకీ పూర్తిగా కట్టకుండా నెట్టుకొస్తే నెలకు సుమారు 3.5 శాతం వడ్డీ పడుతుంది. 60 వేలకు అది రూ.2,100. బంగారం మీద నెలకు ఒక్క శాతమే అనుకున్నా మరో రూ.1,200. అసలు రూపాయి కూడా తగ్గకుండానే మీ 7 వేలల్లో 3,300 వడ్డీకి పోతాయి. సైటు తెరిచిన మర్నాటి నుంచే ఆర్డర్లు వచ్చిపడవు. గూగుల్‌లో నలుగురి కంటా పడటానికే నెలలు పడుతుంది. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే.

ఇంతకంటే నన్ను భయపెట్టింది ఆ 40 వేలు. ఇల్లు, షాపు కలిపి మీకు నెలకు 53 వేలు కావాలి. అంటే షట్టర్ మూతపడితే మూడు వారాలు గడుస్తుంది, ఆ తర్వాత అప్పే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు దీపావళి ఇంకా పదిరోజుల దూరంలో ఉంది. నిండు సీజన్లో రోజుల తరబడి కరెంటు లేదు, బీచ్ రోడ్డు రూపురేఖలే మారిపోయాయి. విశాఖలో వ్యాపారం చేస్తూ అక్టోబరు, నవంబరు నెలలకు డబ్బు పక్కన పెట్టుకోకపోవడం నాకు అర్థం కాని ధైర్యం.

కాబట్టి ముందు మూడు నెలల ఖర్చు, సుమారు రూ.1.60 లక్షలు, అత్యవసర నిధిగా చేర్చండి. వేరే ఖాతా తెరవండి, దాన్ని ఫోన్‌పేకి కలపకండి. కలిపితే సరుకు వచ్చిన రోజే ఖాళీ అవుతుంది. ప్రతి నెలా 5 వేలు, దసరా, సంక్రాంతి అమ్మకాల్లో వచ్చే అదనం మొత్తం అందులోకే వెళ్లాలి. ఏడాదికి పైనే పడుతుంది, పట్టనివ్వండి. సరుకు మీద బీమా పాలసీ ఉంటే అందులో తుఫాను, వరద ఉన్నాయో లేదో ఒకసారి చదవండి.

మరి వెబ్‌సైట్? యాప్ తీసేయండి. ఏడాదికోసారి బొమ్మలు కొనేవాళ్లు దానికోసం ఫోన్‌లో చోటు ఇవ్వరు. డొమైన్‌కు, అంటే సైటు పేరుకు, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూ, సైటును నెట్‌లో ఉంచే హోస్టింగ్‌కు కొన్ని వేలు, తెలిసిన కుర్రాడి చేత నాలుగు పేజీలు చేయించుకుంటే అంతా 15 వేలలో తేలిపోవాలి. ఇది దాదాపు రెండు నెలల మిగులు, అప్పు అక్కర్లేదు. డొమైన్ మాత్రం మీ పేరు, మీ మెయిల్ మీదే ఉండాలి. నాకు తెలిసిన గాజువాక వ్యాపారి ఒకాయన దాన్ని తయారుచేసినవాడి పేరున వదిలేశాడు. ఇద్దరికీ చెడ్డాక సొంత షాపు పేరే చేజారింది.

మీ సరుకుకు సైటు ఎందుకు పనికొస్తుందంటే, హైదరాబాద్ నుంచి వచ్చినావిడ ఒక రైలుబండి బొమ్మ కొనుక్కెళ్తుంది. బొమ్మల కొలువు వేళ ఇంకో నాలుగు కావాలనుకుంటే మీ దుకాణం పేరు కూడా గుర్తుండదు. సైటు ఉంటే వెతికి పట్టుకుంటుంది. ప్రతి బొమ్మ పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఫోటో తీయండి, సైజు గురించి వచ్చే ఫోన్లు సగం తగ్గుతాయి. ధర, పార్శిల్ ఖర్చు, వాట్సాప్ బటన్ ఉంటే చాలు. అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో ఏటికొప్పాక బొమ్మలకు వచ్చిన భౌగోళిక గుర్తింపు (జీఐ) గురించి నాలుగు మాటలు రాయండి. చౌక ప్లాస్టిక్ బొమ్మతో ధర పోల్చేవాళ్లకు అదే జవాబు.

తర్వాతెప్పుడైనా అప్పు తప్పనిసరైతే చిన్న వ్యాపారులకు అప్పిచ్చే ప్రభుత్వ ముద్ర పథకం శిశు విభాగంలో రూ.50 వేల దాకా ఇస్తారు, బ్యాంకులో అడగండి. లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఈ వారం చేయాల్సింది ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణాన్ని ఉచితంగా నమోదు చేసి, షట్టర్ ఎత్తే టైము, దించే టైము సరిగ్గా పెట్టండి. దసరాకు వచ్చే టూరిస్టులకు మీరు అక్కడ కనిపిస్తారు.