కొత్త పాలిష్ మిషన్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు తీసుకున్నావనీ, డ్యూయల్ యాక్షన్ పాలిష్ మిషన్ (స్పాంజి ప్యాడ్ గుండ్రంగా తిరుగుతూనే అటూ ఇటూ ఊగేది) కొన్నావనీ, వచ్చే ఆదివారమే మొదటి కారు ఒప్పుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ కారును ఇంకో వారం వెనక్కి జరుపు. ఈలోగా చేయి తిప్పుకోవడానికి స్క్రాప్ దుకాణంలో ఒక పాత బానెట్ కొనుక్కో. సొట్టలున్నా ఫరవాలేదు గాని, రంగు మీద క్లియర్ కోటు, అంటే పైనుండే పారదర్శకమైన పూత, మిగిలి ఉండాలి.

ముందు మిషన్ సంగతి. దాని తలలోని పళ్లచక్రాలకు పెట్టిన గ్రీజు ఇంకా ఒకేచోట ముద్దగా ఉంటుంది. మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల అంచులు కూడా, అవి ఆనుకొనే కమ్యుటేటర్ (మోటారులో తిరిగే రాగి భాగం) గుండ్రదనానికి తగ్గట్టు అరగలేదు. అందుచేత మొదటి రోజు ఒకటి, రెండు అంకెల వేగం దాటకుండా, పది నిమిషాలు నడిపి పది నిమిషాలు ఆపుతూ ఉండు. గాలి రంధ్రాల్లోంచి చిన్న నిప్పురవ్వలు కనిపించడం, కొద్దిగా గ్రీజు వాసన రావడం సహజమే. కొన్ని గంటల పని తరువాత కూడా రవ్వలు తగ్గకపోతే, లేదా తల మీద చేయి ఆనించలేనంత వేడెక్కితే, విప్పి చూడాలనే సరదా మానుకొని వారంటీకి తీసుకుపో. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నదైతే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది కనుక, 1.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని తీగ వాడు. అమెరికాలోని మీ అన్న పంపుతానన్న మిషన్‌ను నేను వద్దన్నదీ కరెంటు వల్లనే: అక్కడ 120 వోల్టులు, మనకు 230.

ప్యాడ్ లేకుండా ఎన్నడూ తిప్పకు. లోపలి ఎదురుబరువు, ప్యాడ్‌కూ దాన్ని పట్టి ఉంచే బ్యాకింగ్ ప్లేటుకూ కలిపి ఉన్న బరువుకు సరిపడేలా అమర్చినది కాబట్టి, అవి లేకుంటే అదురు పెరిగి బేరింగులు చెడతాయి. ప్యాడ్‌ను బానెట్‌కు ఆనించాకే స్విచ్ వేయాలి, ఆపాకే ఎత్తాలి. లేకుంటే కాంపౌండ్ (పాలిష్ ముద్ద) నీ చొక్కా మీదా గోడల మీదా ఉంటుంది.

ఇక నీ చేతి సంగతి. అసలు జాగ్రత్తంతా ఇక్కడే. కొత్త ప్యాడ్ ముఖమంతటా కాంపౌండ్‌ను వేలితో పలుచగా పట్టించి, ఆపైన నాలుగైదు శనగగింజలంత చుక్కలు వేసి, రెండడుగుల చదరంలో మాత్రమే పని చేయి. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, సగం సగం కలిసేలా, సెకనుకు అంగుళం చొప్పున నడుపు. బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కరుతో ఒక గీత గీసుకో: గీత తిరుగుతూ కనిపించినంతవరకు నీ ఒత్తిడి సరైనది, నిలిచిపోయి వణుకుతున్నదంటే అతిగా నొక్కుతున్నావు, లేదా ప్యాడ్ వాలిపోయింది.

క్లియర్ కోటు మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మనం వ్రాసుకునే కాగితం మందంలో సగం. అంచుల మీద అది ఇంకా పలుచన. నేను గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ పట్టిన కొత్తలో ఒక నల్ల కారు బానెట్ అంచు దగ్గర రెండు క్షణాలు ఎక్కువ నిలిపి, కింది ప్రైమరు బయటపెట్టి, పెయింటు ఖర్చు నా జీతంలోంచి కట్టాను. డ్యూయల్ యాక్షన్ అంత కఠినం కాదు గాని, అంచులకు మాస్కింగ్ టేపు వేయడం మాత్రం మానకు. ప్లాస్టిక్ బంపరు వేడిని త్వరగా వదలదు కనుక అక్కడ వేగం తగ్గించు. ఒకే ప్యాడ్‌తో సాగదీయకు. వేడికి వెనుకనున్న వెల్‌క్రో కరుగుతుంది. రెండు మూడు మార్చి మార్చి వాడి, ప్రతి చదరానికీ బ్రష్‌తో దులుపు.

వారం తరువాత ఆ బానెట్‌ను, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూనె పోయేలా తుడిచి, ఎండలో ఫొటో తీసి పంపు. ట్యూబ్‌లైటు కింద తీసినది పంపితే నేను చూడను.

ఇట్లు,
మీ మామయ్య