మెలకువ మాత్ర మొదలుపెట్టే ముందు

చి. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

కుంగుబాటుకు వాడుతున్న మందులతో పాటు పగటి మగతకు మోడాఫినిల్ కూడా వాడి చూద్దామని మీ డాక్టరుగారు అన్నారనీ, ఒప్పుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ఈ రెండు రకాల మందులనూ కలిపి చాలాకాలం వాడినదాన్ని కనుక నాకు తెలిసినది చెబుతాను. మోతాదు నిర్ణయించడం మాత్రం ఆవిడ పని.

ముందుగా ఆ మగత ఎక్కడినుంచి వస్తోందో తేల్చమని అడుగు. కుంగుబాటు తెచ్చే నిస్సత్తువ వేరు, రాత్రి వేసుకున్న మందు మత్తు తెల్లవారినా దిగకపోవడం వేరు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం వల్ల ఎంతసేపు పడుకున్నా నిద్ర చాలకపోవడం వేరు; థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా పైకి ఇలాగే కనిపిస్తాయి. నా విషయంలో, డాక్టరుగారు రాత్రి మందును ఇంకాస్త పెందలాడే వేసుకోమనడంతోనే చాలావరకు మగత పోయింది. మిగిలినదానికే ఈ మాత్ర అవసరమైంది.

ఈ మందుకు అమెరికాలో 1998లో అనుమతి లభించింది నార్కొలెప్సీకి, అంటే పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బుకు. నిద్రలో ఊపిరి ఆగే సమస్య వల్లా, రాత్రి షిఫ్టుల వల్లా కలిగే మగతను 2004లో చేర్చారు. ఐరోపా ఔషధ సంస్థ మాత్రం మానసికమైన దుష్ఫలితాలను, చర్మంపై వచ్చే తీవ్రమైన ప్రతిచర్యలను లెక్కలోకి తీసుకుని, దీన్ని నార్కొలెప్సీకే పరిమితం చేయాలని 2010లో సిఫారసు చేసింది. కుంగుబాటు ఏ జాబితాలోనూ లేదు. అందుకని మీ డాక్టరుగారిని అనుమానించనక్కరలేదు; అనుమతించిన పరిధికి బయట మందు వాడటం మానసిక వైద్యంలో కొత్తేమీ కాదు. అయితే అలా వాడేటప్పుడు రోగిని దగ్గరగా గమనిస్తూ ఉండాలి, ఆ గమనించే పనిలో పెద్ద వాటా నీదే.

ఏం గమనించాలన్నదే అసలు విషయం. ఈ మాత్ర మగతను అణచిపెడుతుంది తప్ప నిద్ర బాకీని తీర్చదు. తక్కువ నిద్రపోయినా అలసట తెలియకపోవడం, మాటల్లో వేగం పెరగడం, ఆలోచనలు ఒకదాని మీద ఒకటి తోసుకురావడం ఉన్మాద దశకు, అంటే మనసు హద్దుమీరిన ఉత్సాహంలో పడే స్థితికి, తొలి సూచనలు కావచ్చు. మాత్ర వేసుకున్న మనిషి వాటిని మందు గుణమనో, తాను కోలుకుంటున్నాననో పొరబడే వీలుంది. అందుకే నేను ఏ వేళకు పడుకున్నానో, ఏ వేళకు లేచానో, రోజంతా మనసు ఎలా ఉందో ఒక పుస్తకంలో రాసుకునేదాన్ని. మెలకువ బాగుండి మనసు మాత్రం ఎప్పటిలాగే బరువుగా ఉన్న రోజులు అందులో చాలా ఉన్నాయి; ఆ పుస్తకం చూశాకే డాక్టరుగారు కుంగుబాటు మందును మార్చారు. కాస్త తెరిపిన పడగానే పాత మందు మానేద్దామనిపిస్తుంది, ఆ పని చేయకు.

రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 15 గంటలు పడుతుంది కనుక ఉదయమే వేసుకోవాలి. మరిచిపోయి మధ్యాహ్నం వేసుకుంటే ఆ రాత్రి నిద్ర మీద ఆశ వదులుకోవలసిందే. మొదట్లో నాకు తలనొప్పి వచ్చింది, ఆకలి మందగించింది, కాఫీ తాగితే గుండె దడ పుట్టేది. కాఫీ తగ్గించాక దడ సర్దుకుంది. ఒంటిమీద దద్దుర్లు గానీ నోట్లో పుండ్లు గానీ వస్తే సర్దుకుంటాయిలే అనుకోకూడదు. అరుదే అయినా అది ప్రాణం మీదికి రావచ్చు, మాత్ర ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి.

నీ మందులన్నిటి పేర్లూ ఆవిడ ముందు పెట్టు. కుంగుబాటుకు ఇచ్చే సిటాలోప్రామ్, ఎస్సిటాలోప్రామ్, ఆందోళనకు ఇచ్చే డయాజిపామ్ వంటివి ఈ మాత్రతో కలిసినప్పుడు రక్తంలో పెరగవచ్చు. మూర్ఛకు ఇచ్చే కార్బమాజిపైన్ అయితే ఈ మాత్ర బలాన్నే తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రల సంగతి నువ్వు అడగడానికి మొహమాటపడతావని తెలుసు కనుక నేనే రాస్తున్నాను. మోడాఫినిల్ వాటి పనిని తగ్గిస్తుంది. వాడినంతకాలమూ, ఆపిన తరువాత ఇంకో నెలా వేరే పద్ధతి పాటించాలి. గర్భంలో శిశువుకు లోపాలు కలగవచ్చన్న హెచ్చరిక కూడా ఉంది కాబట్టి, పిల్లల కోసం అనుకుంటున్నట్లయితే మాత్ర మొదలుపెట్టకముందే ఆవిడకు చెప్పు. ఈసారి వెళ్ళేటప్పుడు అల్లుడుగారిని కూడా వెంట తీసుకువెళ్ళు, నీ నిద్రలో, మాటలో వచ్చే మార్పు నీకంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ