సదస్సు కన్నా ముందు కమిటీ సంగతి చూడు

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ కాలేజీలో లైంగిక వేధింపుల మీద అవగాహన కార్యక్రమం నీకు అప్పగించారని విని సంతోషించాను. బ్యానరూ, ముఖ్య అతిథీ తర్వాత. ముందు మీ ఐసీసీ, అంటే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉత్తర్వు అడిగి చూడు. 2015 యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం అధ్యక్షురాలు సీనియర్ అధ్యాపకురాలు కావాలి. సంస్థ బయటి సభ్యులొకరు ఉండాలి. విషయం విద్యార్థులదైతే, విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు ప్రతినిధులూ కూర్చోవాలి. డీన్‌లు, విభాగాధిపతులు అందులో ఉండకూడదు. బోర్డు మీద బదిలీ అయిపోయినవాళ్ల పేర్లే ఉంటే, అది సరిచేసేదాకా సదస్సు వాయిదా వెయ్యి. నీ మాటలు విని ధైర్యం చేసి వచ్చిన పిల్లకు వెళ్లాల్సిన చోటు చూపించలేకపోతే, మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదు.

సెమినార్ హాల్లో మూడొందల మందిని కూర్చోబెట్టకు. వెనక వరుసలు నవ్వుతాయి, ముందు వరుసలు తల దించుకుంటాయి. ముప్పై మందికి మించకుండా, గంటన్నర చాలు. అబ్బాయిలను దోషుల్లా నిలబెడితే వినరు. వేధింపులు వాళ్లకూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకూ ఎదురవుతాయని చెప్పు. అతిథిని పిలిస్తే, ఆడపిల్లల బట్టల మీద ఉపన్యాసం వద్దని ముందే గట్టిగా చెప్పు.

సెక్షన్లు చదివి వినిపించే బదులు సందర్భాలు ఇవ్వు. "రికార్డు మీద సంతకం కావాలంటే అందరూ వెళ్లాక రమ్మన్నారు సారు." "విడిపోయాక పాత ఫొటోలు గ్రూపులో పెడతానంటున్నాడు." పక్కనున్న స్నేహితులు ఏం చేయాలో వాళ్లచేతే చెప్పించు. రెండోదానిలో భయంతో చాట్ చెరిపేస్తారు, ఆధారం దాంతోనే పోతుంది. నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేయమను. ప్రశ్నలకు అందరికీ చీటీలివ్వు, ప్రశ్న లేనివాళ్లు కూడా "లేదు" అని రాసివ్వాలి. అప్పుడు ఎవరు అడిగారో తెలియదు.

ఎవరైనా చెప్పుకోవడానికి వస్తే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు. మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ల వాళ్లుంటారు. పద్దెనిమిది నిండని వారి విషయమైతే పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం కింద పోలీసులకు తెలపడం తప్పనిసరి. ఈ సంగతి వినడానికి ముందే చెప్పడం న్యాయం. పద్దెనిమిది దాటితే ఫిర్యాదు నిర్ణయం ఆమెదే. "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనే ప్రశ్న నీ నోట రానివ్వకు. కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణముంటే మరో మూడు నెలల గడువు ఇవ్వొచ్చు. తనంతట తాను రాయలేకపోతే కమిటీవాళ్లే సాయం చేయాలి.

అత్యాచారమైతే ఆస్పత్రే మొదటి అడుగు. హెచ్ఐవీ నివారణ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు. స్నానం చేయకుండా వెళ్లడం మంచిది, చేసేసినా సరే వెళ్లాలి. ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్ కవర్లో తేమకు ఆధారాలు పాడవుతాయి. ప్రైవేటు ఆస్పత్రైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే, పోలీసులకూ తెలియజేస్తారు. ఆ మాటా ఆమెకు ముందే చెప్పు. ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేయించుకోవచ్చు.

అత్యవసరానికి 112, మహిళల హెల్ప్‌లైన్ 181, సైబర్ నేరాలకు 1930, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం, కమిటీ సభ్యుల ఫోన్లు ఒక కాగితం మీద పెద్దక్షరాల్లో వేయించు. నోటీసు బోర్డు ముందు నిలబడి రాసుకునే ధైర్యం చాలామందికి ఉండదు. మరుగుదొడ్ల తలుపులకు లోపలివైపు అంటించు, అబ్బాయిల వాటికి కూడా.