షార్‌లో రాకెట్ చూడ్డానికి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిల్లలు, డెబ్బై దాటిన మా అమ్మ, అంతా కలిసి ఆరుగురం. ఈసారి రాకెట్ ప్రయోగాన్ని దగ్గర్నుంచి చూడాలని ఉంది. పాస్ ఎలా తీసుకోవాలి? ఎప్పుడు బయల్దేరాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రమే షార్. అక్కడ జనం కూర్చుని చూసేందుకు కట్టిన లాంచ్ వ్యూ గ్యాలరీని 2019 మార్చి 31న తెరిచారు. మర్నాడు జరిగిన పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగాన్ని జనం అక్కడి నుంచే చూశారు. పాస్‌కి పైసా కట్టక్కర్లేదు, కానీ ముందుగా షార్ వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. ప్రయోగానికి కొద్దిరోజుల ముందు, ఫలానా రోజు ఫలానా గంటకు నమోదు మొదలవుతుందని ఇస్రో ప్రకటిస్తుంది. చంద్రయాన్‌లాంటి పేరున్న ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. అందుకే ఆరుగురి పేర్లూ గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా, నంబర్లతో సహా, ముందే ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. సైట్ తెరిచాక కార్డుల కోసం బీరువా వెతకడం మొదలుపెడితే పాస్ దక్కదు. పాస్ కాగితం మీద అచ్చు వేయించుకుని, ప్రతి ఒక్కరి అసలు కార్డూ వెంట ఉంచుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అని ధీమాగా వెళ్లొద్దు. లోపలికి ఏవి తేవచ్చు, ఏవి తేకూడదు, ఎన్ని గంటల లోపు గేటు దాటాలి అన్నవి ఆ పాస్ షరతుల్లోనే ఉంటాయి, ఓపిగ్గా చదవండి.

కావలి నుంచి సూళ్లూరుపేటకు హైవే మీద నూటయాభై కిలోమీటర్ల పైమాటే. మామూలు రోజుల్లో కారులో మూడు గంటలు. అక్కడి నుంచి శ్రీహరికోటకు పద్దెనిమిది కిలోమీటర్లు, అందులో చాలాభాగం పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డే. ఇరుపక్కలా నీళ్లు, పక్కకు తప్పుకునే దారి లేదు. ప్రయోగం రోజున ముందు బండి ఆగితే వెనక అందరూ ఆగాల్సిందే. ఉదయం ప్రయోగమైతే ముందురోజు సాయంత్రానికే సూళ్లూరుపేటో నాయుడుపేటో చేరి బస చేయండి. పెద్దావిడను తెల్లవారుజామున రెండింటికి లేపి కారెక్కించడం కన్నా అది నయం. రైల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: చాలా ఎక్స్‌ప్రెస్‌లు సూళ్లూరుపేటలో ఆగవు. గూడూరులో దిగి మెము బండి పట్టుకోవడమే తేలిక.

అందరూ మర్చిపోయేది తిరుగు ప్రయాణం. రాకెట్ కనుమరుగైన మరుక్షణం వేలమంది ఒకేసారి ఆ ఒక్క రోడ్డెక్కుతారు. తొందరపడొద్దు. గ్యాలరీ దగ్గరే స్పేస్ మ్యూజియం, రాకెట్ గార్డెన్ ఉన్నాయి, అనుమతిస్తే పిల్లలకు అవి చూపించండి. గంట ఆలస్యంగా బయల్దేరినా ఇంటికి చేరేది ఇంచుమించు అదే వేళకు. అమ్మగారి మందులు, నీళ్లు కారు డిక్కీలో కాదు, చేతిసంచిలో ఉండాలి.

ప్రశ్న: పాస్ దొరకలేదు. ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది? కొత్తపట్నం బీచ్ నుంచి కనిపిస్తుందని మావాళ్లంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిజమే, కాకపోతే రాత్రిపూట, ఆకాశం తేటగా ఉన్నప్పుడు. ఒంగోలు నుంచి ప్రయోగ వేదికకు తిన్నగా కొలిస్తే దాదాపు రెండొందల కిలోమీటర్లు. భూమి వంపు వల్ల రాకెట్ మూడు కిలోమీటర్ల పైకి లేచేదాకా మీకు కనిపించే వీలే లేదు. ఆ తర్వాత దక్షిణాన సముద్రం మీద ఎర్రటి చుక్కలా పైకి పాకుతుంది. పగలు మాత్రం ఆశ పెట్టుకోవద్దు. నెల్లూరు వాళ్లకు దూరం ఎనభై కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి మైపాడు బీచ్ నుంచో, దక్షిణం వైపు అడ్డంలేని మిద్దె మీద నుంచో ఇంకా బాగా కనిపిస్తుంది.

దగ్గర్నుంచే చూడాలంటే పులికాట్ ఒడ్డు. సూళ్లూరుపేట నుంచి అటకానితిప్ప వైపు వెళ్లే రోడ్డు మీద పోలీసులు ఎక్కడిదాకా వదిలితే అక్కడిదాకా వెళ్లండి. ఆ హద్దు ప్రయోగాన్ని బట్టి మారుతుంది, వాదనకు దిగి లాభం లేదు. తడ దగ్గరి భీమునివారిపాళెం రేవు మరో చోటు. సరస్సు ఎండినట్టు కనిపించినా రోడ్డు దిగొద్దు, పైన పొర గట్టిగా ఉన్నా కింద అడుసు ఉంటుంది.

ఈ ఒడ్డు నుంచి చూస్తే వేదిక తూర్పున ఉంటుంది. కాబట్టి పొద్దున ప్రయోగాలకు ఎండ కళ్లల్లో కొడుతుంది. 2025 నవంబరు 2న సాయంత్రం 5.26కి ఎల్‌వీఎం3-ఎం5 లేచినట్టు సాయంత్రం వేళ అయితే సూర్యుడు మీ వెనక ఉంటాడు, పొగచార మీద నేరుగా వెలుగు పడుతుంది. సరస్సు ఒడ్డున చూసేవాళ్లకు మా లెక్కన అదే అన్నిటికన్నా మంచి వేళ. శ్రీహరికోట దీవి మీది చెట్లు అడ్డం కాబట్టి మొదటి కొన్ని సెకన్లు ఏమీ కనిపించదు. కౌంట్‌డౌన్ సున్నా అయింది, ఏమీ లేదేమిటని తల తిప్పేయకండి.

ఏ రాకెట్టో కూడా తెలుసుకుని వెళ్లండి, దాన్ని బట్టి అది సాగే దిక్కు మారుతుంది. జీఎస్ఎల్‌వీ, ఎల్‌వీఎం3 మామూలుగా తూర్పుగా సముద్రం మీదికి సాగిపోతాయి. ధ్రువకక్ష్యకు, అంటే ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్‌వీ, శ్రీలంక మీదుగా పోకూడదు గనుక ముందు ఆగ్నేయంగా వెళ్లి, తర్వాత దక్షిణానికి వంగుతుంది.

ప్రశ్న: మంట కనిపించిన చాలాసేపటికి గానీ మోత వినిపించలేదు. ఎందుకని?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: వెలుగు అప్పటికప్పుడే వస్తుంది, శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. సూళ్లూరుపేట బజారుకు వేదిక ఇరవైరెండు కిలోమీటర్ల పైనే, అంటే నిమిషం దాటాకే మోత. అప్పటికి రాకెట్ ఎంతో ఎత్తుకు వెళ్లిపోయి ఉంటుంది.

ప్రశ్న: రాత్రి ప్రయోగాన్ని ఫోన్‌తో తీస్తే తెల్లటి ముద్ద తప్ప ఏమీ పడలేదు. ఎలా తీయాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చుట్టూ చీకటి కాబట్టి ఫోన్ తనంతట తానే వెలుతురు పెంచేసుకుంటుంది, అంతలో మంట లేచేసరికి అంతా తెల్లబడిపోతుంది. ముందుగా దూరాన వెలుగుతున్న ఏదైనా దీపం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. తర్వాత సూర్యుడి గుర్తును కిందికి లాగి, తెర దాదాపు నల్లబడేదాకా తగ్గించండి. ఫోన్ నిలువుగా పట్టుకుని, దీవి మీది చెట్లు అడుగున ఉండేలా, పైన ఆకాశమంతా ఖాళీగా వదలండి. రికార్డింగ్ ఇరవై సెకన్ల ముందే మొదలుపెట్టండి. జూమ్ రెండింతలు దాటనివ్వొద్దు, రాకెట్ చట్రంలోంచి తప్పిపోతే చీకట్లో మళ్లీ పట్టుకోలేరు. మోత కూడా పడాలి కాబట్టి మంట పోగానే ఆపేయకండి.

మా సలహా అడిగితే ఫోన్‌ను స్టాండ్‌కు వదిలేసి బైనాక్యులర్ పట్టుకోండి, 7x50 గానీ 8x42 గానీ చాలు. పక్కన ఆరు మోటార్లుండే పీఎస్ఎల్‌వీ అయితే నేల మీద వెలిగించినవి నాలుగు, సుమారు 70వ సెకనులో విడిపోతాయి. 110వ సెకను ప్రాంతంలో మొదటి దశ రాలిపోతుంది. మేఘాలు లేకపోతే ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. పొద్దున ప్రయోగాలకు మాత్రం బైనాక్యులర్‌ను సూర్యుడి దరిదాపులకు తిప్పొద్దు, కన్ను పోతుంది.

ప్రశ్న: సెలవు పెట్టుకుని వెళ్తే ప్రయోగం వాయిదా పడింది. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, చీమకుర్తి

జవాబు: వాయిదా పడకుండా చేయడం ఎవరి చేతిలోనూ లేదు. 2019 జులై 15న చంద్రయాన్-2ను 56 నిమిషాల ముందు ఆపి, 22న పంపారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్ష వాహనం అయిదు సెకన్ల ముందు ఆగింది, కానీ అదే ఉదయం పది గంటలకు లేచింది. అంటే ఆగిందని వినగానే బండి తిప్పేయకూడదన్నమాట. కొత్త సమయం చెప్పేదాకా, లేదా ఆ రోజుకు లేదని ప్రకటించేదాకా ఉండండి.

తేదీ పేపర్లో రాగానే సెలవు పెట్టొద్దు. ప్రయోగానికి చివరి అనుమతినిచ్చే లాంచ్ ఆథరైజేషన్ బోర్డు సరేనని, కౌంట్‌డౌన్ మొదలైతేనే ప్రయాణం ఖాయం చేసుకోండి. అది సాధారణంగా ఒకరోజు ముందు మొదలవుతుంది, చీమకుర్తి నుంచి రావడానికి ఆ వ్యవధి చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ప్రయోగం జరిగినా మబ్బులో పాతిక సెకన్లకే మాయమవ్వచ్చు. జనవరి నుంచి ఆకాశం తేటపడుతుంది. ఆ రోజుల్లో వాయిదా పడ్డా దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులుంటాయి, పిల్లల్ని ఉత్త చేతులతో వెనక్కి తీసుకురానక్కర్లేదు. లాడ్జిలో గది మాత్రం డబ్బు వాపసిచ్చే షరతు మీదే తీసుకోండి.